ఇన్‌రష్ లిమిటర్ బోర్డు కలిపే ముందు

ఆన్ చేయగానే ఒక్కసారిగా దూసుకొచ్చే కరెంటును (ఇన్‌రష్) అదుపు చేసేది ఈ బోర్డు. ఒడిశాలోని రాయగడ, పర్లాకిమిడి వైపు సోలార్ బ్యాటరీలకు దీన్ని పెట్టేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

– ఉంగరం, గడియారం తీసేయండి. బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ ఉండాలి.

– 24 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాంకు ఛార్జింగులో దాదాపు 28.8 వోల్టులకు చేరుతుంది. బోర్డు రేటింగ్ అంతకన్నా బాగా ఎక్కువ ఉండాలి.

– ప్లస్, మైనస్ మీటరుతో చూడండి, వైరు రంగును నమ్మొద్దు. ముందు గ్రౌండ్ కలపాలి, తీసేటప్పుడు అది చివర.

– అన్నిటికన్నా ముఖ్యం: కెపాసిటర్ (ఛార్జీ నిలవ చేసే భాగం) నిండేదాకా లోడ్ (మోటారు లాంటి పరికరం) ఆన్ కాకూడదు. 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్ 50 మిల్లీసెకన్లలో 24 వోల్టులకు నిండాలంటే సుమారు 2.3 ఆంపియర్లు కావాలి. ఆ కాసేపు వేడంతా మాస్‌ఫెట్ (బోర్డులో కరెంటును అదుపు చేసే స్విచ్) మీదే పడుతుంది. అప్పుడే మోటారు కూడా కరెంటు లాగితే మాస్‌ఫెట్ కాలిపోతుంది. పవర్ గుడ్ సిగ్నల్ (కెపాసిటర్ నిండిందని బోర్డు ఇచ్చే సంకేతం) వచ్చాకే లోడ్ ఆన్ అయ్యేలా వైరింగ్ చేయండి.

– వైర్లు పొడవైతే, కరెంటు ఒక్కసారిగా తెగినప్పుడు వోల్టేజీ ఎగురుతుంది. ఇన్‌పుట్ దగ్గర టీవీఎస్ డయోడ్ (అలా ఎగిరిన వోల్టేజీని అణిచే భాగం) తప్పనిసరి.

– వానాకాలం టెర్మినళ్లకు తుప్పు పడుతుంది, శుభ్రం చేసి గట్టిగా బిగించండి.

– విప్పేముందు కెపాసిటర్‌ను రెసిస్టరుతో డిశ్చార్జ్ చేయండి. స్క్రూడ్రైవరుతో షార్ట్ చేయొద్దు.