ఎండలు పోకముందే మామిడి తాండ్ర, టమాటా ఒరుగులు

తాండ్ర అనగానే ఆత్రేయపురమే గుర్తొస్తుంది కానీ మేడ మీద వారం రోజులు గట్టి ఎండ తగిలితే ఇంట్లోనే చక్కగా వస్తుందండి. బాగా పండిన రసాలు తీసుకోండి, పులిసిన వాసన వచ్చేవి మాత్రం వద్దు. రసం పిండి జల్లెడలో వడకట్టాలి, పీచు మిగిలితే నోట్లో అడ్డం పడుతుంది. కిలో గుజ్జుకి 150 గ్రాముల పంచదార చాలు, బెల్లం వేస్తే రంగు నల్లబడుతుంది కానీ నాకైతే ఆ రుచే ఇష్టం.

స్టీలు పళ్లేనికి నెయ్యి రాసి పల్చగా ఒక పొర పోసి, పైన పల్చటి బట్ట కట్టి ఎండలో పెట్టండి, మిగిలిన గుజ్జు ఫ్రిజ్‌లో ఉంచండి. వేలికి అంటుకోకుండా ఆరాకే రెండో పొర. ఇక్కడే అందరం తొందరపడతాం, కింద తడి ఉండగానే పోసేస్తే లోపల బూజు పట్టి మొత్తం పోతుంది, మా ఇంట్లో ఓ ఏడాది అలాగే పోయింది, ఎంత బాధేసిందో. ఐదారు పొరలయ్యాక తిరగేసి ఇంకో రోజు ఎండనివ్వండి, సాయంత్రం కాగానే లోపలికి తెచ్చేయాలి.

టమాటాలైతే గట్టివి, ఎర్రటివి తడి తుడిచి కోసి, కిలోకి 75 గ్రాముల ఉప్పు, కాస్త పసుపు కలిపి జాడీలో 2 రోజులు ఉంచి, ముక్కల్ని పిండి ఎండబెట్టండి. ఆ ఊట పారబోయొద్దు, చింతపండు అందులో నానేసి ఎండలో పెడితే నిల్వ పచ్చడికి ప్రాణం అదే. గలగలలాడేలా ఎండిన ఒరుగులు చల్లారాక పొడి సీసాలో పెట్టుకుంటే వానాకాలం పప్పులోకి వేసుకోవచ్చు.