వీడియో పని బయటివాళ్లకు అప్పజెప్పే ముందు జాగ్రత్తలు

□ స్క్రిప్ట్, గొంతు, ఎడిటింగ్, థంబ్‌నెయిల్‌కు వీడియోకి ఎంతవుతుందో విడివిడిగా రాసుకోండి. యూట్యూబ్‌లో పూర్తి ప్రకటనల ఆదాయం మొదలవ్వాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. లేదంటే 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్. అప్పటిదాకా ఖర్చు మీ జేబులోంచే.

□ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వొద్దు. యూట్యూబ్ స్టూడియో (ఛానెల్ నడిపే పేజీ) సెట్టింగ్స్‌లోని పర్మిషన్స్ నుంచి ఆహ్వానం పంపండి. ఎడిటర్‌కు ‘ఎడిటర్ లిమిటెడ్’ అనే అనుమతి చాలు, ఆదాయం లెక్కలు కనపడవు. పని మానేసిన రోజే ఆ అనుమతి తీసేయండి.

□ హక్కుల కాగితం. చాలామంది వదిలేసేది ఇదే, తర్వాత ఏడిపించేదీ ఇదే. డబ్బిచ్చినంత మాత్రాన ఫ్రీలాన్సర్ రాసిన స్క్రిప్ట్ మీది అయిపోదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అమెరికాలోని తెలుగువాళ్లు కూడా చూస్తారు కాబట్టి ‘ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంతకాలం’ అని స్పష్టంగా రాయించండి.

□ ప్రతి వీడియోతోపాటు ప్రాజెక్ట్ ఫైల్, సంగీతం, క్లిప్పుల లైసెన్సులు తీసుకోండి. సినిమా ముక్క దొంగచాటుగా వాడింది ఎడిటరే అయినా కాపీరైట్ స్ట్రైక్ (యూట్యూబ్ ఇచ్చే ఉల్లంఘన హెచ్చరిక) పడేది మీ ఛానెల్‌కే. 90 రోజుల్లో మూడు పడితే ఛానెల్ పోవచ్చు.

□ ఒకే మూసలో పేర్లు మార్చి తయారుచేసిన వీడియోలు ఒప్పుకోవద్దు. వాటివల్ల మొత్తం ఛానెల్‌కే ఆదాయం ఆగిపోవచ్చు.

□ ముందు ఒక్క వీడియోకే డబ్బిచ్చి చేయించి చూడండి.