ల్యాప్‌టాప్‌లో మౌస్ క్లిక్‌ను మన చేతికి తగ్గట్టు మార్చుకోవడం

మా నాన్నగారు ఉద్యోగ విరమణ తరువాత ల్యాప్‌టాప్ వాడటం మొదలుపెట్టినప్పుడు తరచూ ఒక ఫిర్యాదు చేసేవారు. ఫైలు మీద రెండుసార్లు నొక్కితే అది తెరుచుకోదు. దాని పేరు చుట్టూ చిన్న పెట్టె వచ్చి నిలబడుతుంది, ఆ సమయంలో కీబోర్డు మీద ఏ అక్షరం తగిలినా ఆ పేరే మారిపోతుంది. పింఛను కాగితాల ఫైలు ఒకటి అలాగే రెండు అర్థంలేని అక్షరాల పేరుతో కొన్నాళ్లు ఎవరికీ దొరకలేదు. మౌస్ పాడైందని ఆయన తేల్చేశారు గానీ, మౌస్‌కు ఏమీ కాలేదు. రెండు నొక్కులకు మధ్య ఎడం ఎక్కువైతే విండోస్ వాటిని డబుల్ క్లిక్‌గా కాకుండా రెండు వేర్వేరు క్లిక్‌లుగా లెక్కిస్తుంది. అప్పటికే ఎంపికై ఉన్న ఫైలు పేరు మీద నిదానంగా మరోసారి క్లిక్ చేయడమంటే, పేరు మారుస్తానని చెప్పడమే.

విండోస్ ఆ రెండు నొక్కులకు మామూలుగా ఇచ్చే గడువు 500 మిల్లీసెకన్లు, అంటే అర సెకను. వయసు పైబడిన వేళ్లకు, అప్పుడే మౌస్ పట్టిన పిల్లలకు అది చాలదు. విండోస్ 11లో దీనిని పెంచడానికి విండోస్ కీతో పాటు ‘ఐ’ నొక్కి సెట్టింగ్స్ తెరిచి, ‘బ్లూటూత్ అండ్ డివైసెస్’లోకి, అక్కడి నుంచి ‘మౌస్’లోకి వెళ్లాలి. ఆ పేజీలో డబుల్ క్లిక్ వేగం కనిపించదు కనుక కిందికి జరిగి ‘అడిషనల్ మౌస్ సెట్టింగ్స్’ నొక్కండి. పాతకాలపు చిన్న కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. అందులో ‘బటన్స్’ అనే మొదటి ట్యాబ్‌లోనే ‘డబుల్ క్లిక్ స్పీడ్’ అనే జారుడు మీట, దాని పక్కన పసుపుపచ్చ ఫోల్డర్ బొమ్మ ఉంటాయి. మీటను ‘స్లో’ వైపు కొద్దికొద్దిగా జరుపుతూ ఆ బొమ్మ మీద డబుల్ క్లిక్ చేసి చూడాలి. విండోస్ మీ డబుల్ క్లిక్‌ను గుర్తించిన ప్రతిసారీ ఆ ఫోల్డర్ తెరుచుకోవడమో మూసుకోవడమో జరుగుతుంది. ఈ పరీక్ష మాత్రం ఆ ల్యాప్‌టాప్ వాడబోయే వారి చేతనే చేయించండి. సాయం చేయడానికి కూర్చున్న మనం మన వేలితో నొక్కి ‘బాగానే ఉందిగా’ అనేస్తే ప్రయోజనం లేదు. పదిసార్లకు పదిసార్లూ ఫోల్డర్ స్పందించిన చోట మీటను ఆపి ‘అప్లై’ నొక్కితే సరిపోతుంది.

మీటను చివరిదాకా జరిపినా కొందరికి ఇబ్బంది తీరదు. వారి విషయంలో కారణం వేగం కాదు, కదలిక. రెండో నొక్కు మొదటి నొక్కు పడిన చోటికి అతి దగ్గరగా పడితేనే విండోస్ దానిని డబుల్ క్లిక్‌గా అంగీకరిస్తుంది. ఆ హద్దు మామూలుగా 4 పిక్సెళ్ల (తెర మీది అతి చిన్న చుక్కల) వెడల్పు మాత్రమే. చేయి వణికితే తెర మీద మౌస్‌తో పాటు కదిలే బాణం ఆ హద్దు దాటిపోతుంది. నొక్కిపట్టిన క్షణంలో వణికితే ఇంకో చిక్కు కూడా ఉంది: ఫైలు జారి పక్కనున్న ఫోల్డర్‌లో పడుతుంది. అలా జరిగిన వెంటనే కంట్రోల్, జెడ్ కలిపి నొక్కితే అది తిరిగి తన చోటికి వస్తుంది. ఇలాంటి వారికి ‘మౌస్ పాయింటర్ స్పీడ్’ను కొంత తగ్గించడం ఒక మార్గం. అంతకంటే మేలైనది అసలు డబుల్ క్లిక్ అవసరమే లేకుండా చేయడం. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, పైవరుసలోని మూడు చుక్కలు నొక్కి ‘ఆప్షన్స్’లోకి వెళితే, ‘జనరల్’ ట్యాబ్‌లో ‘సింగిల్ క్లిక్ టు ఓపెన్ యాన్ ఐటెమ్’ అని ఉంటుంది. దానిని ఎంచుకుంటే ఫైళ్లు వెబ్‌సైట్ లింకుల మాదిరిగా ఒక్క నొక్కుతోనే తెరుచుకుంటాయి. బాణాన్ని ఫైలు మీద కాసేపు ఉంచినంత మాత్రాన అది ఎంపికైపోవడం దీనిలోని చిన్న అసౌకర్యం. మా ఇంట్లో చివరికి నిలిచింది ఈ పద్ధతే.

ఎడమచేతివాటం వారు అదే మౌస్ పేజీ మొదట్లో ఉన్న ‘ప్రైమరీ మౌస్ బటన్’ను ‘రైట్’‌కు మార్చుకుంటే, ఎడమ చేతి చూపుడు వేలు పడే కుడి బటన్ ప్రధానమవుతుంది. మార్పు అదే క్షణంలో అమలులోకి వస్తుంది కనుక, వెనక్కి మార్చాలనుకున్నప్పుడు కుడి బటన్‌తోనే నొక్కాలి. ఇది గుర్తుండక ఎడమ బటన్ నొక్కి, మెనూలే వస్తున్నాయని కంగారుపడేవారు చాలామంది.

పొడవైన పేరాలను ఎంపిక చేయడానికి, ఫైళ్లను లాగడానికి బటన్‌ను అదేపనిగా నొక్కిపట్టి ఉంచలేనివారు, వేళ్లు లేదా మణికట్టు నొప్పి ఉన్నవారు, ఇందాకటి ‘బటన్స్’ ట్యాబ్‌లోనే అడుగున ఉన్న ‘క్లిక్‌లాక్’ను ఆన్ చేసుకోవచ్చు. బటన్‌ను ఒక్క క్షణం నొక్కి వదిలితే చాలు, ఇంకా నొక్కి ఉన్నట్టే విండోస్ భావిస్తుంది. పని పూర్తయ్యాక మరోసారి క్లిక్ చేస్తే విడిచిపెడుతుంది. ఎంతసేపు నొక్కితే తాళం పడాలో దాని పక్కనున్న ‘సెట్టింగ్స్’లో నిర్ణయించుకోవచ్చు. దీనిని మరీ తక్కువ సమయానికి పెట్టుకుంటే మామూలు క్లిక్‌లకు కూడా తాళం పడి, తెర మీద ఏది ముట్టుకున్నా బాణం వెంట వస్తుంది.

ఇక ల్యాప్‌టాప్‌తో పాటే వచ్చే టచ్‌ప్యాడ్ సంగతి. ‘బ్లూటూత్ అండ్ డివైసెస్’లో దీనికి వేరే పేజీ ఉంది. టైపు చేస్తుండగా అరచేయి తగిలి కర్సర్ మరో వరుసలోకి దూకుతుంటే, ‘ట్యాప్స్’ విభాగంలో ‘టచ్‌ప్యాడ్ సెన్సిటివిటీ’ని ‘లో’కు తగ్గించండి. అయినా ఆగకపోతే ఒక వేలితో తట్టితే క్లిక్ అయ్యే సదుపాయాన్నే తీసివేసి, ప్యాడ్‌ను గట్టిగా నొక్కినప్పుడే క్లిక్ పడేలా చేసుకోవచ్చు. ఎల్లప్పుడూ విడి మౌస్ వాడేవారు ‘లీవ్ టచ్‌ప్యాడ్ ఆన్ వెన్ ఎ మౌస్ ఈజ్ కనెక్టెడ్’ అన్న చోట టిక్ తీసేయడం మంచిది. మౌస్ తగిలించగానే ప్యాడ్ నిద్రపోతుంది, తీసేయగానే మేల్కొంటుంది. రైట్ క్లిక్‌కు రెండు వేళ్లతో తట్టడం, ప్యాడ్ కుడివైపు కింది మూలను నొక్కడం అని రెండు దారులు ఉన్నాయి; రెండింటిలో ఒకటి చాలనిపిస్తే మూల నొక్కును ఆపేయండి, పొరపాటున మెనూలు తెరుచుకోవడం తగ్గుతుంది. మూడు వేళ్లతో తట్టడాన్ని ‘మిడిల్ మౌస్ బటన్’గా పెట్టుకుంటే, బ్రౌజర్‌లో లింకు మీద అలా తట్టగానే అది కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటుంది. వార్తలు ఎక్కువగా చదివేవారికి ఇది బాగా పనికొస్తుంది. మీ పేజీలో ఈ ఎంపికలు చాలావరకు కనిపించకపోతే, ఆ ప్యాడ్ తయారీదారు సొంత డ్రైవర్‌తో (పరికరాన్ని నడిపించే చిన్న ప్రోగ్రాముతో) నడుస్తోందన్నమాట. వాటిని ఆ కంపెనీ ప్రోగ్రాములోనే వెతకాలి.

పక్కన అదనపు బటన్లు ఉన్న మౌస్‌లకు విండోస్ సెట్టింగ్స్ చాలవు. లాజిటెక్ వారి మౌస్ అయితే ‘ఆప్షన్స్ ప్లస్’ వంటి వారి ప్రోగ్రామునే వాడాలి. మిగతావాటికి ఉచితంగా దొరికే ‘ఎక్స్-మౌస్ బటన్ కంట్రోల్’ అనుకూలంగా ఉంటుంది. ఒక్కో అప్లికేషన్‌లో ఒకే బటన్‌కు ఒక్కో పని అప్పగించే వీలు కూడా ఇందులో ఉంది. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే దీనిని ఎక్కించే ముందు అక్కడి ఐటీ వారి అనుమతి తీసుకోండి.

మ్యాక్‌లో డబుల్ క్లిక్ వేగం ‘సిస్టమ్ సెట్టింగ్స్’లోని ‘యాక్సెసిబిలిటీ’ కింద ‘పాయింటర్ కంట్రోల్’లో ఉంటుంది, తట్టితే క్లిక్ అయ్యే ఎంపిక మాత్రం ‘ట్రాక్‌ప్యాడ్’ పేజీలో ఉంటుంది.

ఒకే ల్యాప్‌టాప్‌ను ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడుతుంటే ఎవరికి వారికి వేరే యూజర్ ఖాతా పెట్టండి. బటన్ల మార్పిడి, డబుల్ క్లిక్ వేగం ఖాతాకు చెందినవే గనుక, మనవరాలి ఎడమచేతి అమరిక తాతగారి ఖాతాలోకి రాదు. ఇవన్నీ సరిచేశాక కూడా ఒక్కసారి నొక్కితే రెండు క్లిక్‌లు పడుతుంటే, అదే ల్యాప్‌టాప్‌కు మరో మౌస్ తగిలించి చూడండి. ఆ మౌస్‌తో అంతా సవ్యంగా ఉంటే, పాతదాని బటన్ కింద ఉండే చిన్న స్విచ్ అరిగిపోయినట్టే. దానికి ఏ సెట్టింగూ పనిచేయదు, మౌస్ మార్చవలసిందే.