పాత ఇంటి గోడల్లో ఇన్సులేషన్ ఊదడం ఎలా?

ఇన్సులేషన్, అంటే వేడీ చలీ దాటకుండా గోడలో నింపే సరుకు, ఊదించుకున్న కొన్నేళ్లకే "గోడ మళ్లీ చల్లగా తగులుతోంది" అని పిలిచిన ఇళ్లు చాలానే చూశాను. వేడి తేడాలను రంగుల్లో చూపే థర్మల్ కెమెరా పెడితే అన్ని చోట్లా ఒకటే దృశ్యం. గోడ పైభాగంలో ఒకచోట జానెడు, ఇంకోచోట మూరెడు ఖాళీ. సరుకులో లోపం లేదు, ఊదినవాడికి ఓపిక చాల్లేదు.

నేను చెప్పేది చెక్క ఫ్రేమ్ మీద కట్టిన పాత ఇళ్ల గురించి. వాటి గోడ లోపల నిలువు చెక్కల మధ్య ఖాళీలు ఉంటాయి. ఒక్కో ఖాళీని ఇక్కడ అర అంటాను. ఖాళీ లేని ఇటుక గోడకు ఈ పద్ధతి పనికిరాదు.

పని మొదలెట్టే ముందు

వాన నీరు దిగే గోడలో ఇన్సులేషన్ వేయకూడదు. ముందు లీకు ఆపండి, గోడ ఆరనివ్వండి. పింగాణీ బొడిపెల మీద సాగే పాతకాలపు వైరింగ్ ఇంకా కరెంటులో ఉంటే అక్కడితో ఆగండి. ఆ వైర్ల వేడి చుట్టూ ఉన్న గాలిలోకే పోవాలి, కప్పేస్తే నిప్పు భయం. ఎలక్ట్రీషియన్ వచ్చి మార్చాకే మిగతా పని. గోడలోనో అటక మీదో మెరిసే గులకల్లాంటి వెర్మిక్యులైట్ కనిపిస్తే కదపకండి. అందులో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, పరీక్ష చేయించండి. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు కాబట్టి డ్రిల్ చేసేటప్పుడు మంచి మాస్క్ తప్పనిసరి.

కొన్ని ఇళ్లలో ఏసీ, హీటర్ గాలి తిరిగి వెళ్లడానికి గోడ అరనే డక్టులా వాడేస్తారు. ఒక ఇంట్లో అలాంటి అరను నింపేసి, మూడు రోజులు దాన్ని ఖాళీ చేస్తూ కూర్చున్నాను. ముందే అన్ని గ్రిల్స్ తీసి లోపలికి టార్చ్ వేసి చూడండి.

ఏం కావాలి

సెల్యులోజ్ బస్తాలు, దాన్ని ఊదే మిషన్ (అద్దె బ్లోయర్), హోస్, దాని చివర తొడగడానికి ఒకటింపావు అంగుళం లోపలి వ్యాసం ఉన్న పారదర్శక ట్యూబు, గుండ్రని రంధ్రం కోసే రెండు అంగుళాల హోల్ సా, ఆ రంధ్రాలు మూయడానికి చెక్క ప్లగ్‌లు, టేపు. సెల్యులోజ్ అంటే ఎక్కువ భాగం పాత న్యూస్‌పేపర్ల పీచే. మంట త్వరగా అంటుకోకుండా బోరేట్ కలుపుతారు. ఊదే ఫైబర్‌గ్లాస్ కూడా దొరుకుతుంది, నేను వాడను, మీరూ వాడకండి. దురద సంగతి అటుంచితే, గట్టిగా కూరిన సెల్యులోజ్ సందుల్లోకి చొచ్చుకుపోయి గాలిని ఆపినంత బాగా అది ఆపడం నేను చూడలేదు. నురగ పోసేస్తాం, గంటలో పని అయిపోతుందనేవాళ్లు కూడా వస్తారు. మూసిన గోడలో నురగ ముడుచుకుపోతే బయటికి కనిపించదు, తీసేయడం దాదాపు అసాధ్యం.

రంధ్రాలు

బయటివైపు నుంచే చేయండి. గోడ బయటివైపు కొట్టిన పలకల్లో ఒక వరుస ఊడదీసి, ప్రతి అరకూ నడిమి ఎత్తులో ఒక రంధ్రం పెట్టండి. స్టీలు టేపు లోపలికి తోసి పైకీ కిందికీ తడమండి. మధ్యలో అడ్డచెక్క తగిలితే దానికి అవతల ఇంకో రంధ్రం కావాలి. అర కింద బేస్‌మెంట్‌లోకో పైన అటకలోకో తెరుచుకుని ఉంటే ముందు ఆ నోరు మూయండి, లేకపోతే బస్తాలకు బస్తాలు అటు జారిపోతాయి.

అసలు పని

పైన ఒకటి, కింద ఒకటి రంధ్రం పెట్టి, హోస్ నోరు ఆనించి ఊది పక్క అరకు వెళ్లిపోయే పద్ధతి ఒకటుంది. పని త్వరగా అయిపోతుంది, కానీ అలా పడిన సరుకు వదులుగా ఉంటుంది, కాలం గడిచేకొద్దీ కిందికి కుంగుతుంది. నేను మొదట్లో చూశానన్న ఖాళీలు అలా వచ్చినవే. ట్యూబును అర లోపలికి దూర్చి కూరితేనే సరుకు నిలుస్తుంది.

ట్యూబు చివరను ఏటవాలుగా కోయండి, అడ్డాలు దాటుకుని జారుతుంది. ప్రతి అడుగుకూ టేపుతో గుర్తు చుట్టండి. చలిలో ట్యూబు కర్రలా బిగుసుకుంటుంది, కాబట్టి వాడేదాకా ఇంట్లో వెచ్చగా ఉంచండి. ముందు కిందికి దూర్చి, అడుగుభాగం ఇంకో అడుగు దూరం ఉందనగా ఆపండి. రంధ్రం చుట్టూ గుడ్డ కుక్కి మిషన్ ఆన్ చేయండి.

ఇక కళ్లు ట్యూబు మీదే ఉండాలి. లోపల బూడిదరంగు పీచు పరుగెత్తుతూ కనిపిస్తుంది. కాసేపటికి వేగం తగ్గుతుంది, మిషన్ మోత మారుతుంది, పీచు ఆగిపోతుంది. అప్పుడు, అప్పుడు మాత్రమే, ట్యూబును ఒక్క అడుగు వెనక్కి లాగండి. పరుగు మళ్లీ మొదలవుతుంది. మళ్లీ ఆగేదాకా చూడండి, మళ్లీ ఒక్క అడుగు లాగండి. చేతులు నొప్పెడుతున్నాయని పీచు ఇంకా కదులుతుండగానే లాగితే అక్కడ వదులు మిగిలిపోతుంది. రెండేసి అడుగులు లాగినా అంతే. రంధ్రం దగ్గరికి వచ్చాక ట్యూబును పైకి తిప్పి అదే వరస మళ్లీ చేయండి. ఆగిపోయిన ట్యూబును ఎక్కువసేపు అలాగే వదిలేస్తే ముద్ద కట్టి పూడుకుపోతుంది. మిషన్ ఆపి, బయటికి లాగి దులపండి.

ఇంటి లోపల ఒక మనిషి అరచేయి గోడకు ఆనించి నిలబడాలి. వదులైన ప్లాస్టర్ ఈ ఒత్తిడికి ఉబ్బుతుంది. చేతికి ఉబ్బు తగలగానే కేక వేయాలి, మిషన్ స్విచ్ మీ చేతిలోనే ఉండాలి. నేను ఒంటరిగా చేసిన ఒక ఇంట్లో పడగ్గది గోడ నుంచి పళ్లెమంత పెచ్చు ఊడి మంచం మీద పడింది.

కంటి అంచనాను నమ్మకండి, బస్తాలు లెక్కపెట్టండి. ఘనపుటడుగుకు మూడున్నర పౌండ్లు పట్టాలి. 8 అడుగుల ఎత్తు, 14.5 అంగుళాల వెడల్పు, 3.5 అంగుళాల లోతు ఉన్న అరకు దాదాపు 10 పౌండ్లు, అంటే నాలుగున్నర కిలోలు. 25 పౌండ్ల బస్తా రెండున్నర అరలకు సరి. ఒక్క బస్తాతో ఐదు అరలు నిండాయంటే సరుకు మిగిలిందని సంబరపడకండి, సగమే నింపారు. పాత ఇళ్లలో చెక్కలు ఇంకాస్త లోతుగా ఉండొచ్చు, కాబట్టి కొలుచుకున్నాకే లెక్క వేయండి.

మూసేయడం

జిగురు రాసి ప్లగ్‌లు కొట్టండి, పలకలు తిరిగి బిగించండి. కానీ పెయింట్‌కు తొందరపడొద్దు. లోపలికీ బయటికీ ఉష్ణోగ్రత తేడా బాగా ఉన్న రోజు గోడలన్నీ థర్మల్ కెమెరాతో చూడండి. ఏ అరలోనైనా తేడా రంగు మచ్చ కనిపిస్తే ఆ ఒక్క ప్లగ్ తీసి ట్యూబు మళ్లీ దూర్చాల్సిందే. కెమెరా చూసేదాకా నేను పెయింట్ డబ్బా మూత తీయను.