అమెరికాలో పాన్‌కేక్ టిఫిన్‌కి వెళ్తున్నారా? ఆర్డర్ మీరే చెప్పండి

మా పర్లాకిమిడిలో పిల్లల దగ్గరికని అమెరికా వెళ్ళేవాళ్ళు ఏటా మా వీధిలోనే ఇద్దరో ముగ్గురో తేలుతున్నారు. అందరూ వచ్చి ఆవకాయ కారకుండా ఎలా ప్యాక్ చెయ్యాలని అడుగుతారు గానీ, అక్కడ బయట టిఫిన్ ఎలా తినాలో ఒక్కరూ అడగరు. అసలు టెన్షన్ అంతా అక్కడే. కూర్చోగానే ఆర్డర్ తీసుకునే అమ్మాయి ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంది, మనం కొడుకు మొహం చూస్తాం, వాడు తనకు తోచింది చెప్పేస్తాడు, వచ్చిన పళ్ళెం చూసి మనం నోరెళ్ళబెడతాం.

వెళ్ళేదేదో మొదటి వారంలోనే వెళ్ళండి. రాత్రీ పగలూ తారుమారై ఎలాగూ తెల్లవారుజామున మూడున్నరకే మెలకువ వచ్చేస్తుంది, ఆరింటికల్లా ఆకలి దంచేస్తుంది. అక్కడ టిఫిన్ హోటళ్ళు పొద్దున్నే తెరుస్తారు, అప్పుడు లైనుండదు. శని, ఆదివారాల్లో తొమ్మిది దాటితే మాత్రం పేరు రాయించుకుని బయట నిలబడాల్సిందే. పేరు పొట్టిగా చెప్పండి, సూర్యనారాయణ అని చెబితే వాళ్ళు పిలిచేది మీ పేరేనని మీకే తెలీదు. ఇంకోటి, ఖాళీ టేబుల్ కనబడిందని పోయి కూర్చోకూడదు, గుమ్మం దగ్గర ఆగితే వాళ్ళే వచ్చి తీసుకెళ్తారు.

ఎక్కడికంటే, ఐహాప్ ఊరూరా కనిపిస్తుంది. ఇంటర్నేషనల్ హౌస్ ఆఫ్ పాన్‌కేక్స్‌కి అది పొట్టి పేరు, 1958లో కాలిఫోర్నియాలో మొదలైంది. డెన్నీస్ కూడా అలాంటిదే. వాఫిల్ హౌస్‌కి మాత్రం పాన్‌కేక్ కోసం వెళ్ళకండి, అక్కడ ఉండేది గళ్ళ గళ్ళ అచ్చులో కాల్చే వాఫిల్సే.

పాన్‌కేక్ అంటే అట్టే, కాకపోతే పిండి పులియబెట్టరు. మైదా, గుడ్డు, పాలో మజ్జిగో కలిపి బేకింగ్ పౌడర్ వేస్తారు, ఆ పొంగంతా పౌడర్ మహిమే. మన పక్కింటి ఒడియావాళ్ళ చకులి పిఠాలో బియ్యం, మినప్పప్పు రుచి తెలుస్తుంది కదా, ఇది అలా కాదు, దూదిలా మెత్తగా, కాస్త తియ్యగా ఉంటుంది. చట్నీ కోసం వెతక్కండి.

గుడ్డు తిననివాళ్ళు జాగ్రత్త. అక్కడ వెజిటేరియన్ అంటే మాంసం లేదని మాత్రమే, గుడ్డు లేదని కాదు. 'బ్యాటర్‌లో ఎగ్ ఉందా' అని విడిగా అడగాలి. పైగా బేకన్, అంటే పంది మాంసం, వేయించిన పెనం మీదే ఇవీ కాలుస్తుండొచ్చు. అంత పట్టింపు ఉంటే గుడ్డూ పాలూ లేని వీగన్ పాన్‌కేక్ దొరికే చోటు వెతకమని పిల్లలకి ముందే చెప్పండి, లేదా ఓట్‌మీల్, పళ్ళతో సరిపెట్టుకోండి.

ఇక ప్రశ్నలు. ఎన్ని కావాలంటే షార్ట్ స్టాక్ అనండి, రెండో మూడో వస్తాయి, ఇద్దరికి అదే ఎక్కువ. ఇంకో ఖాళీ ప్లేట్ అడిగితే ఇస్తారు, మొహమాటం వద్దు. గుడ్లు ఎలా కావాలంటే, మన బుల్స్‌ఐని సన్నీ సైడ్ అప్ అంటారు, తిరగేసి సొన గట్టిపడేదాకా కాల్చితే ఓవర్ హార్డ్, పొరటులా కావాలంటే స్క్రాంబుల్డ్. బేకన్ పంది మాంసం, సాసేజ్ కూడా చాలావరకు అదే, వద్దంటే టర్కీ కోడిది ఉందేమో అడగండి. హ్యాష్ బ్రౌన్స్ అంటే బంగాళాదుంప తురుము వేపుడు, కళ్ళు మూసుకుని చెప్పెయ్యండి. కాఫీ కప్పు సగమైతే చాలు, అడక్కుండానే నింపేస్తారు, అక్కర్లేకపోతే కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టండి. పాపం పోస్తోంది కదా, వద్దంటే ఏమనుకుంటుందోనని మా ఆవిడ నాలుగు కప్పులు తాగి ఆ రాత్రంతా జాగారం చేసింది.

పళ్ళెం వచ్చాక పాన్‌కేక్ మీద తెల్లగా గుండ్రంగా ఒక ముద్ద కూర్చుని ఉంటుంది. ఐస్‌క్రీమ్ కదా అని నేను చెంచాతో మొత్తం తీసి నోట్లో వేసుకున్నా. వెన్న! మింగలేక కక్కలేక నా అవస్థ చూసి మనవడు టేబుల్ కిందకి దూరి నవ్వాడు. అది వేడి మీదే పాన్‌కేక్‌కి రాసెయ్యాలి.

ఆ పైన సిరప్. అసలైన మేపుల్ సిరప్ అంటే మేపుల్ చెట్టు కాండం నుంచి కారే రసాన్ని కాచి తీసిన పాకం, దాదాపు 40 లీటర్లు మరిగిస్తే ఒక లీటరు వస్తుంది. బెల్లం వండే పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ళకి ఆ కష్టం చెప్పక్కర్లేదు. టేబుల్ మీద ఊరికే పెట్టే సీసాలో చాలాచోట్ల ఉండేది మొక్కజొన్న సిరప్, అసలుది కావాలంటే అడగాలి, విడిగా డబ్బు తీసుకోవచ్చు. ఒక్కసారైనా అడిగి రుచి చూడండి. గుమ్మరించకండి, అడుగునున్నవి నాని ముద్దైపోతాయి, కోసుకున్న ముక్క మీద కొంచెం కొంచెం పోసుకోవాలి.

బిల్లులో మెనూ ధర మీద పన్ను కలుస్తుంది, దానిపైన టిప్పు మనం రాయాలి, 15 నుంచి 20 శాతం, అంటే 30 డాలర్లకి ఐదారు డాలర్లు. రూపాయల్లోకి మార్చుకుంటే గొంతు దిగదు, మార్చకండి. ఐహాప్, డెన్నీస్‌లలో 55 దాటినవాళ్ళకి వేరే మెనూ ఉంటుంది, ధర తక్కువ, పరిమాణమూ తక్కువే. ఈ సంగతి పిల్లలు చెప్పరు, మీరే అడగండి.

మిగిలితే బాక్స్ అడిగి ఇంటికి తెచ్చుకోండి. నేను మర్నాడు పొద్దున్న పెనం మీద వేడిచేసి, ఆవకాయ పిండి రాసుకుని తిన్నాను. మా అమ్మాయి ఆ గదిలోంచి లేచి వెళ్ళిపోయింది గానీ, బాగుంది.