పీఎల్‌సీ నెట్‌వర్క్ భద్రత – మూడో పాఠం: మిషను ఆగకుండా ట్రాఫిక్‌కు హద్దులు

మొదటి పాఠంలో ప్యానెల్ వారీగా పరికరాల జాబితా రాసుకున్నాం: ఐపీ, మ్యాక్ అడ్రస్, మోడల్, ఫర్మ్‌వేర్ వెర్షన్. రెండో పాఠంలో స్విచ్ మీద ఒక పోర్టును మిర్రర్ చేసి (దాని ట్రాఫిక్ నకలును ఇంకో పోర్టుకు పంపి), ట్రాఫిక్‌ను రికార్డు చేసే వైర్‌షార్క్‌ సాఫ్ట్‌వేర్‌తో ఒక పూర్తి రోజు ట్రాఫిక్‌ను పట్టుకున్నాం. ఆ ఫైలు ఇవాళ పక్కన ఉండాలి. అది లేకుండా ఈ పాఠంలో ఏ అంకె పెట్టినా గుడ్డిగా పెట్టినట్టే.

అభ్యాసానికి బెంగళూరు పీన్యాలో ఒక ప్యాకింగ్ యూనిట్ ఉందనుకుందాం. ఒకే అన్‌మేనేజ్డ్ స్విచ్, అంటే సెట్టింగులు మార్చే వీలులేనిది. దానికే పీఎల్‌సీ (మిషనును నడిపే కంట్రోలర్), హెచ్‌ఎంఐ (ఆపరేటర్ తెర), నాలుగు వీఎఫ్‌డీలు (మోటారు వేగాన్ని మార్చే డ్రైవులు), సీసీ కెమెరాల రికార్డరు, స్టోర్స్ కంప్యూటరు, ఒక వైఫై రౌటరు. అనంతపురం నుంచో చిత్తూరు నుంచో వచ్చి బెంగళూరు ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ చూస్తున్న మనవాళ్లకు ఇది తెలియని అమరిక కాదు. ఇలాంటి చోట పీఎల్‌సీ హ్యాంగ్ అయితే, అది దాడి వల్లనా, పాడైన ల్యాన్ కార్డు వల్లనా, ఎవరో తప్పుగా పెట్టిన ప్యాచ్ కార్డ్ వల్లనా అన్నది ఆ క్షణంలో తేలదు. మూడింటికీ ఫలితం ఒకటే: లైన్ ఆగిపోతుంది. అందుకే రక్షణ మొదలుపెట్టాల్సింది దాడి చేసేవాణ్ని వెతకడంతో కాదు. పీఎల్‌సీ దాకా ఏది రావచ్చు, ఎంత రావచ్చు అన్నది తేల్చడంతో.

ఎక్కువైపోయిన ట్రాఫిక్

పీఎల్‌సీ పని ఒక చక్రం. ఇన్‌పుట్లు చదువుతుంది, ప్రోగ్రామ్ నడుపుతుంది, అవుట్‌పుట్లు రాస్తుంది, మధ్యలో నెట్‌వర్క్‌కు జవాబిస్తుంది. బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ (నెట్‌వర్క్‌లో అందరికీ వెళ్లే డేటా ముక్క) వస్తే అది తనకు పనికొచ్చేదో కాదో తెలుసుకోవడానికైనా ప్రాసెసర్ దాన్ని తెరిచి చూడాలి. 100 ఎంబీపీఎస్ లింకులో 64 బైట్ల ఫ్రేములు సెకనుకు గరిష్ఠంగా 1,48,809 పట్టగలవు. అన్నిటిని తెరిచి చూసే శక్తి చిన్న కంట్రోలర్లకు ఉండదు. కొన్ని నెట్‌వర్క్‌కు జవాబివ్వడం మానేసి ప్రోగ్రామ్‌ను మాత్రం నడుపుతాయి, అవి మంచి డిజైన్లు. కొన్నిటిలో స్కాన్ టైమ్ (ఒక చక్రానికి పట్టే సమయం) పెరుగుతూ వాచ్‌డాగ్ హద్దు, అంటే చక్రానికి ఇచ్చిన గరిష్ఠ గడువు, దాటి సీపీయూ స్టాప్‌లోకి వెళ్తుంది. సీమెన్స్ ఎస్7-1200, 1500 సీపీయూల్లో ఈ హద్దు ఫ్యాక్టరీ నుంచి 150 మిల్లీసెకన్లుగా వస్తుంది. దాన్ని పెంచేస్తే సమస్య పోయినట్టు కనబడుతుంది గానీ, కన్వేయర్ సెన్సార్‌కు స్పందన ఆలస్యమవుతుంది. దయచేసి ఆ దారి పట్టకండి.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. 2006 ఆగస్టు 19న అమెరికాలోని అలబామాలో బ్రౌన్స్ ఫెర్రీ అణు విద్యుత్ కేంద్రం మూడో యూనిట్‌లో రెండు రీసర్క్యులేషన్ పంపుల వీఎఫ్‌డీ కంట్రోలర్లు స్పందించడం మానేశాయి. ఆపరేటర్లు రియాక్టర్‌ను చేత్తో ఆపాల్సి వచ్చింది. ప్లాంటు లోపలి నెట్‌వర్క్‌లో మితిమీరిన ట్రాఫిక్కే దీనికి కారణమని అక్కడి అణు నియంత్రణ సంస్థ 2007లో నోటీసు ఇచ్చింది.

దీనికి మందు మేనేజ్డ్ స్విచ్‌లో (సెట్టింగులు మార్చగల స్విచ్‌లో) ఉండే స్టార్మ్ కంట్రోల్, అంటే ఇలాంటి ట్రాఫిక్‌కు హద్దు పెట్టే సెట్టింగ్. బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొనేటప్పుడు నాలుగు విషయాలు అడగండి: స్టార్మ్ కంట్రోల్, వీల్యాన్ (ఒకే స్విచ్‌ను వేర్వేరు నెట్‌వర్క్‌లుగా విడదీయడం), పోర్ట్ మిర్రరింగ్, ఐజీఎంపీ స్నూపింగ్ (గ్రూపు ట్రాఫిక్‌ను అడిగిన పోర్టులకే పంపడం). ప్యానెల్‌లో పెట్టేదైతే డిన్ రెయిల్ మీద బిగించేది, 24 వోల్టుల డీసీ మీద నడిచేది తీసుకోండి.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఎక్కువ స్విచ్‌లలో స్టార్మ్ కంట్రోల్ పోర్టులోకి వచ్చే ట్రాఫిక్‌కే వర్తిస్తుంది. పీఎల్‌సీ ఉన్న పోర్టు మీద పెట్టి ఊరుకుంటే, పీఎల్‌సీ పంపేదానికి హద్దు పడుతుంది తప్ప దానికి వచ్చేదానికి కాదు. కాబట్టి ల్యాప్‌టాప్ పోర్టు, కెమెరా పోర్టు, పై స్విచ్‌కు వెళ్లే అప్‌లింక్, ఇలా ట్రాఫిక్ లోపలికొచ్చే ప్రతి పోర్టు మీదా పెట్టాలి. బ్రాడ్‌కాస్ట్‌కు 1 శాతంతో మొదలుపెట్టండి. 100 ఎంబీపీఎస్ పోర్టులో అది చిన్న ఫ్రేముల లెక్కన సెకనుకు 1,488. అదే 1 శాతం గిగాబిట్ అప్‌లింక్ మీద పెడితే 14,880 అవుతుంది, అది చిన్న పీఎల్‌సీని ముంచడానికి చాలు. స్విచ్‌లో శాతానికి బదులు సెకనుకు ఇన్ని ప్యాకెట్లని పెట్టే వీలుంటే అదే వాడండి. మీ రికార్డింగ్‌లో కనిపించిన గరిష్ఠ బ్రాడ్‌కాస్ట్‌కు మూడు రెట్లు పెట్టడం మా అలవాటు.

మల్టీకాస్ట్‌కు (ఒక గ్రూపుకు వెళ్లే ట్రాఫిక్‌కు) ఇదే హద్దు గుడ్డిగా పెట్టకండి. ఈథర్‌నెట్ ఐపీ అనే పారిశ్రామిక ప్రోటోకాల్‌లో ఐఓ డేటాయే (ఇన్‌పుట్, అవుట్‌పుట్ విలువలే) మల్టీకాస్ట్‌గా వెళ్తుండవచ్చు. హద్దు పెడితే మిషను ఐఓను మీరే కోసేసినట్టవుతుంది. అక్కడ ఐజీఎంపీ స్నూపింగ్ వాడాలి, దాంతోపాటు నెట్‌వర్క్‌లో ఎక్కడో ఒకచోట క్వెరియర్ (ఏ గ్రూపు ఎవరికి కావాలని అడుగుతుండేది) ఆన్‌లో ఉండాలి. క్వెరియర్ లేకుండా స్నూపింగ్ ఒక్కటే ఆన్ చేస్తే అంతా బాగుందనిపించి, సుమారు నాలుగు నిమిషాలకు, అంటే 260 సెకన్ల గ్రూపు గడువు ముగియగానే, ఐఓ ఊడిపోవచ్చు. ఆన్ చేసి పది నిమిషాలు ఆగి చూడందే ప్యానెల్ తలుపు మూయవద్దు.

హద్దు దాటితే ఏం చేయాలన్న సెట్టింగ్ కూడా ఉంటుంది: ఎక్కువైనదాన్ని పారేయడం, లేదా పోర్టునే మూసేయడం. ల్యాప్‌టాప్, కెమెరా పోర్టులకు మూసేయడం సరే. అప్‌లింక్‌కు మాత్రం పారేయడమే పెట్టండి. అది మూతపడితే స్కాడాకు (లైన్‌ను దూరం నుంచి చూసే కంప్యూటరుకు) లైన్ కనబడదు, దాడి చేసేవాడికి కావాల్సిందీ అదే.

ఒక్క ప్యాకెట్‌తోనే

రెండో రకం ప్రమాదానికి ఈ హద్దులు పనిచేయవు. ఫర్మ్‌వేర్‌లో లోపం ఉంటే తప్పుగా కూర్చిన ఒకే ప్యాకెట్ చాలు. 2017లో బయటపడ్డ సీవీఈ-2017-2680, 2681 చూడండి (సీవీఈ అంటే బహిరంగంగా నమోదైన లోపానికి ఇచ్చే నంబరు). పరికరాలను కనిపెట్టి వాటికి పేరు, ఐపీ ఇవ్వడానికి వాడే ప్రొఫినెట్ డీసీపీ ప్యాకెట్లతో సీమెన్స్ పరికరాలు అనేకం స్తంభించిపోయేవి. డీసీపీ ఐపీ మీద నడిచేది కాదు, రెండో పొర ఈథర్‌నెట్ ఫ్రేమ్‌లో వెళ్తుంది. అందుకని రౌటరు దాటి రాదు. కానీ అదే వీల్యాన్‌లో ఉన్న ల్యాప్‌టాప్ నుంచి వస్తే ఐపీ ఫైర్‌వాల్ చూస్తూ ఉండిపోతుంది. కాబట్టి కెమెరా రికార్డరు, స్టోర్స్ కంప్యూటరు, వైఫై రౌటరు మిషను వీల్యాన్‌లో ఉండకూడదు. ఖాళీ పోర్టులన్నీ డిసేబుల్ చేసి ఉండాలి.

2019 జులైలో వెలుగులోకి వచ్చిన అర్జెంట్ 11 సంగతి ఇంకోలా ఉంది. వీఎక్స్‌వర్క్స్ ఆపరేటింగ్ సిస్టమ్ నెట్‌వర్క్ భాగంలో పదకొండు లోపాలు. వాటిలో ఒకటి తప్పుడు టీసీపీ ఆప్షన్లతో నడుస్తున్న కనెక్షన్‌ను తెంచేసేది. పరికరం లేబుల్ మీద వీఎక్స్‌వర్క్స్ అని రాసి ఉండదు, అందుకే తయారీదారు భద్రతా ప్రకటనల్లో మీ మోడల్‌ను, ఫర్మ్‌వేర్ వెర్షన్‌ను వెతికి చూసుకోవాలి. సేవ ఆపగలిగే లోపాలకు తరచూ పదికి 7.5 తీవ్రత స్కోరు కనిపిస్తుంది. ఆఫీసు ఐటీ వాళ్లు 9.8 ఉన్నవాటిని ముందు చూస్తారు, వాళ్ల లెక్క వాళ్లది. మిషను ఆగితే నష్టం మొదలయ్యే చోట 7.5ను జాబితాలో పైకి తేవాలి. ఫర్మ్‌వేర్ మార్చడానికి షట్‌డౌన్ కావాలి గనక, అప్పటిదాకా వీల్యాన్ విభజనే మీ కవచం.

పరికరాలను తెలుసుకోవడానికి నడుస్తున్న లైన్ మీద స్కానర్ తిప్పవద్దని ముందే చెప్పాం. చిప్పులు తయారుచేసే ఒక ప్లాంటులో పింగ్ స్వీప్ (ఏ ఐపీలు జవాబిస్తాయో వరసగా అడగడం) చేస్తే కంట్రోల్ సిస్టమ్ హ్యాంగ్ అయి 50 వేల డాలర్ల వేఫర్లు పాడైన ఉదంతాన్ని అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ తన మార్గదర్శిలో నమోదు చేసింది. చూడటానికి చేసిన పనే సేవ ఆపేసింది.

కనెక్షన్లు నిండిపోవడం

పారిశ్రామిక పరికరాల ప్రోటోకాల్ మోడ్‌బస్ టీసీపీ వాడే 502 పోర్టు మీద ఒక్కో పీఎల్‌సీ కొన్ని కనెక్షన్లే ఒప్పుకుంటుంది, చిన్నవాటిలో 8 లేదా 16 ఉండటం మామూలే. హెచ్‌ఎంఐకి ఒకటి, స్కాడాకు ఒకటి, ఎవరో మూయకుండా వదిలేసిన పరీక్ష సాఫ్ట్‌వేర్‌కు ఒకటి. కరెంటు పోయి స్కాడా కంప్యూటర్ ఆగిపోతే పాత కనెక్షన్ అవతలివైపు బతికే ఉన్నట్టు మిగులుతుంది. లినక్స్ మీద నడిచే గేట్‌వేల్లో (ఒక ప్రోటోకాల్ నుంచి ఇంకోదానికి మార్చే పెట్టెల్లో) కీప్‌అలైవ్, అంటే అవతలివైపు బతికే ఉందా అన్న తనిఖీ, వాడినా, మామూలు గడువు 7,200 సెకన్లు, అంటే రెండు గంటలు. దాన్ని 60కి తగ్గించండి. ఫైర్‌వాల్‌లో ఒక్కో సోర్స్ ఐపీకి 2 కనెక్షన్లకు మించి అనుమతించవద్దు.

ఇక ఫైర్‌వాల్ నియమాల విషయం చిన్నదే. స్కాడా ఐపీ నుంచి 502 మాత్రమే. ఇంజినీరింగ్ ల్యాప్‌టాప్ నుంచి సీమెన్స్ పీఎల్‌సీలు వాడే 102, అదీ పని ఉన్న గంటల్లోనే. మిగతాదంతా నిరాకరణ, లాగ్‌తో సహా. మోడ్‌బస్ లోపలికి చూడగల ఫైర్‌వాల్ అయితే ఫంక్షన్ కోడ్ (ఆదేశపు నంబరు) 8ని కూడా ఆపండి. ఆ కోడ్‌లో సబ్‌ఫంక్షన్ 4 పరికరాన్ని వినడం తప్ప జవాబివ్వని స్థితిలో పెడుతుంది. అది సీరియల్ లైన్ కోసం ఉన్నదే, కానీ గేట్‌వే దాన్ని ఆర్‌ఎస్-485 సీరియల్ లైన్ వెనకున్న వీఎఫ్‌డీకి చేరవేస్తే, వరద లేకుండా ఒక్క ఆదేశంతోనే డ్రైవ్ మూగబోతుంది.

వీఎఫ్‌డీలో కమ్యూనికేషన్ పోయినప్పుడు ఏం చేయాలన్న పారామీటర్ ఇవాళే చూసుకోండి. చివరి వేగంతోనే తిరుగుతూ ఉండమని పెట్టి ఉంటే, నెట్‌వర్క్ పోయాక మోటారు ఎవరి మాటా వినకుండా తిరుగుతుంది. కన్వేయర్‌కు ర్యాంప్ స్టాప్ (వేగం క్రమంగా తగ్గి ఆగడం) సరైనది. కూలింగ్ పంపుకు మాత్రం తిరుగుతూ ఉండటమే మంచిది కావచ్చు, ప్రాసెస్ తెలిసినవాళ్లతో కూర్చుని తేల్చాలి. ఎమర్జెన్సీ స్టాప్ మాత్రం వైరుతో సేఫ్టీ రిలేకి వెళ్లాలి, నెట్‌వర్క్ మీద ఆధారపడి ఉండకూడదు.

ఈ వారం అభ్యాసం

బెంచి మీద చేయండి, లైన్ మీద కాదు. స్పేర్ పీఎల్‌సీ, మేనేజ్డ్ స్విచ్, ల్యాప్‌టాప్, చిన్న అన్‌మేనేజ్డ్ స్విచ్ ఒకటి, ప్యాచ్ కార్డులు మూడు నాలుగు. పీఎల్‌సీలో మామూలు ప్రోగ్రామ్ నడుపుతూ స్కాన్ టైమ్ సగటు, గరిష్ఠం రాసుకోండి. అన్‌మేనేజ్డ్ స్విచ్‌ను మేనేజ్డ్ స్విచ్‌కు కలిపి, ఒక ప్యాచ్ కార్డ్ రెండు చివరలనూ ఆ చిన్న స్విచ్‌లోనే గుచ్చండి. ల్యాప్‌టాప్ పంపే ఒక ఏఆర్‌పీ (ఈ ఐపీ ఎవరిదని అందరినీ అడిగే ఫ్రేమ్) చాలు, లూప్ మొదలవుతుంది. మొదట స్టార్మ్ కంట్రోల్, బీపీడీయూ గార్డ్ (లూప్‌లను కనిపెట్టే స్పానింగ్ ట్రీ ఫ్రేములు, అంటే బీపీడీయూలు, వస్తే పోర్టును మూసేది) రెండూ ఆపి, తర్వాత స్టార్మ్ కంట్రోల్ ఒక్కటీ పెట్టి, ఆఖరున రెండూ పెట్టి స్కాన్ టైమ్ చూడండి. బీపీడీయూ గార్డ్ ఆన్ అయ్యాక ఆ పోర్టు మూతపడాలి. మూతపడలేదంటే స్పానింగ్ ట్రీ ఆ పోర్టు మీద నడవకపోయి ఉండవచ్చు, లేదా చిన్న స్విచ్ బీపీడీయూలను పారేస్తూ ఉండవచ్చు.

మూడు సందర్భాల అంకెలూ పట్టికగా రాసి ఉంచండి. లైన్ మీద నిజంగా దాడి జరిగితే, భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం, గమనించిన 6 గంటల్లోపు వాళ్లకు తెలియజేయాలి. ఏది మామూలు, ఏది కాదు అని ఆ గంటల్లో చూపించడానికి మీకు పనికొచ్చేది ఈ పట్టికే. నాలుగో పాఠంలో దీని పక్కనే స్విచ్ లాగ్‌లు చేర్చి, 180 రోజులపాటు ఎలా నిల్వ చేయాలో చూద్దాం.