సీడీ కెపాసిటీని బైట్లు, బిట్లలోకి మార్చాలంటే ఎంబీని పక్కనపెట్టి నిమిషాలు చూడండి

సీడీ మీద 700 ఎంబీ అని రాసి ఉంటుంది. దాన్ని 10,00,000తో గుణిస్తే 70 కోట్ల బైట్లు వస్తాయి, 10,48,576తో గుణిస్తే 73,40,03,200 వస్తాయి. రెండూ సరికావు. ఆ డిస్కులో డేటాకు ఉండే చోటు 73,72,80,000 బైట్లు. 700 అనేది చెప్పుకోవడానికి వీలుగా కుదించిన అంకె. దాని పక్కనే చిన్నగా కనిపించే "80 నిమిషాలు" అన్నదే లెక్కకు అసలు ఆధారం.

సీడీ మొదట పాటల కోసం పుట్టింది, అందుకే దాని కొలత కాలంలో ఉంటుంది. డిస్కులోని సమాచారం సెక్టార్లుగా, అంటే సమాన సైజు ముక్కలుగా, విడిపోయి ఉంటుంది, సెకనుకు 75 సెక్టార్లు. కాబట్టి మొదటి మెట్టు ఇది:

80 × 60 × 75 = 3,60,000 సెక్టార్లు
74 × 60 × 75 = 3,33,000 సెక్టార్లు

ఇక సెక్టార్‌కు ఎన్ని బైట్లు? తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే, ఎందుకంటే జవాబు డిస్కులో ఏం రాస్తున్నామన్న దాన్ని బట్టి మారుతుంది. సెక్టార్ మొత్తం 2,352 బైట్లు. ఆడియో సీడీలో అదంతా పాటకే పోతుంది. డేటా సీడీలో, అంటే మామూలుగా వాడే మోడ్ 1లో, 12 బైట్లు సింక్‌కు (సెక్టార్ ఎక్కడ మొదలైందో చెప్పే గుర్తు), 4 హెడర్‌కు (సెక్టార్ చిరునామా), 4 తప్పు కనిపెట్టే కోడ్‌కు, 276 తప్పు దిద్దే కోడ్‌కు పోతాయి, 8 ఖాళీగా ఉంటాయి. మన ఫైళ్లకు మిగిలేది 2,048. ఇంత చోటు వదులుకోవడం దండగ కాదు. గీత పడి పాటలో ఒకటి రెండు శాంపిళ్లు (ధ్వనిని కొలిచి రాసిన అంకెలు) చదవలేకపోతే ప్లేయర్ అటూ ఇటూ ఉన్నవాటిని చూసి పూడ్చేస్తుంది, చెవికి తేడా తెలియదు. జిప్ ఫైల్లో ఒక్క బిట్ తిరగబడినా ఫైల్ తెరుచుకోకపోవచ్చు.

80 నిమిషాల డేటా సీడీకి లెక్క ఇలా సాగుతుంది:

బైట్లు: 3,60,000 × 2,048 = 73,72,80,000
బిట్లు: బైట్లు × 8 = 5,89,82,40,000
నిబుళ్లు (4 బిట్లకు ఒకటి): బైట్లు × 2 = 1,47,45,60,000
కిలోబైట్లు: బైట్లు ÷ 1,024 = 7,20,000
మెగాబైట్లు: కిలోబైట్లు ÷ 1,024 = 703.125

ఒక సెక్టార్ అంటే సరిగ్గా 2 కేబీ. అందుకే సెక్టార్ల సంఖ్యను రెట్టింపు చేస్తే చాలు, కేబీ చేతికొస్తుంది. 74 నిమిషాల డిస్కుకు 6,66,000 కేబీ, అంటే 650.39 ఎంబీ. కాలిక్యులేటర్ చాలాసార్లు మూడేసి అంకెలకు కామా పెడుతుంది. దాన్ని లక్షలు, కోట్లలోకి రాసుకునేటప్పుడు ముందు కామాలన్నీ తీసేసి, కుడి నుంచి మళ్లీ పెట్టుకోండి. ఒక సున్నా జారిపోయేది సరిగ్గా ఈ మార్పిడిలోనే.

1,024తో భాగించాలా, 1,000తోనా అన్నది ఇంకో చిక్కు. సీడీల మీద ఎంబీ అంటే 1,024 లెక్క. 1998లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఈసీ ఈ లెక్కకు కిబిబైట్, మెబిబైట్ అని వేరే పేర్లు పెట్టింది గానీ సీడీ పెట్టెల మీదికి అవి ఎక్కలేదు. నిండు డిస్కుకు సరిపడే ఒకే ఐఎస్ఓ ఫైల్‌ను (డిస్కులోని డేటా మొత్తం ఒకే ఫైల్‌గా ఉండే కాపీ) విండోస్ 703 ఎంబీ అంటుంది, ఇప్పటి మ్యాక్ 737 ఎంబీ అంటుంది. ఫైల్ మారలేదు, భాగించిన అంకె మారింది. డీవీడీ దగ్గర పద్ధతి తిరగబడుతుంది. దాని మీది 4.7 జీబీ 1,000 లెక్కలోది, 1,024 లెక్కలో అది సుమారు 4.38. సీడీ అలవాటుతో డీవీడీని లెక్కేస్తే చివర్లో చోటు చాలదు.

ఆడియో సీడీకి 2,352తో గుణించాలి: 84,67,20,000 బైట్లు, దాదాపు 807.5 ఎంబీ. సరిచూసుకోవడానికి ఒక దారి ఉంది. సెకనుకు 44,100 శాంపిళ్లు, రెండు ఛానళ్లు, శాంపిల్‌కు 2 బైట్లు, మొత్తం 1,76,400. 75 × 2,352 కూడా అంతే. నిండుగా ఉన్న 80 నిమిషాల ఆడియో సీడీని వేవ్ ఫైళ్లుగా కాపీ చేసి, వాటిని డేటాగా మరో సీడీలో రాయబోతే ఎందుకు పట్టవో దీంతో తెలుస్తుంది.

కాగితం మీద సరిపోయింది డిస్కులో పట్టకపోవడానికి ఇంకో రెండు కారణాలు. ప్రతి ఫైలూ కొత్త సెక్టార్‌తో మొదలవుతుంది, 1 బైట్ ఫైల్‌కైనా 2,048 బైట్లు పోతాయి. ఫైల్‌కు సగటున అర సెక్టార్ వృథా అనుకుంటే 10,000 చిన్న ఫైళ్లకు 9.8 ఎంబీ దాకా పోతుంది. మల్టీసెషన్ (ఒకే డిస్కులో విడతలవారీగా రాయడం) అయితే ఖర్చు ఇంకా ఎక్కువ: మొదటి సెషన్ మూసి రెండోది తెరవడానికి 11,400 సెక్టార్లు, అంటే సుమారు 22 ఎంబీ, ఆ తర్వాత ప్రతి సెషన్‌కు 6,900 సెక్టార్లు, సుమారు 13.5 ఎంబీ. రోజుకో రెండు ఫైళ్లు చేర్చుకుంటూ పోతే డిస్కు సెషన్లతోనే నిండుతుంది.

రాసే ముందు ఐఎస్ఓ ఫైల్ సైజును బైట్లలో చూసి 2,048తో భాగించండి. శేషం వస్తే చాలావరకు డౌన్‌లోడ్ మధ్యలో తెగినట్టే, మళ్లీ దింపుకోండి. బిన్ ఫైల్ (సెక్టార్లను మొత్తంగా, ఉన్నదున్నట్టు దాచే డిస్కు కాపీ) అయితే 2,352తో భాగించాలి. అందులో తప్పు దిద్దే కోడ్ కూడా కలిసి ఉంటుంది, అందుకే 807 ఎంబీ బిన్ ఫైల్ 700 ఎంబీ సీడీలో చక్కగా పడుతుంది.